అడయారు ఉప్పుటేటి ఒడ్డున ఒక తుండు పర్ర: అక్కడ చెట్లు ఎందుకు వద్దన్నాం

చెన్నైలో అడయారు ఏటిమొగకు కాస్త ఎగువన, ఉప్పుటేటి అంచున, కంచె వేసిన ఒక తుండు నేల ఉంది. సగం దాకా పగిలిన ఇటుకలు, సిమెంటు పెళ్ళలు. మిగతా సగం ఎండకు బీటలు వారి, వానకు బురదయ్యే చవిటి నేల, అంటే పర్ర. చుట్టుపక్కల కాలనీలవాళ్ళు ఒక సంస్థ ఇచ్చే విరాళంతో అక్కడ వేల మొక్కలు నాటి చిన్న అడవి పెంచుదామనుకున్నారు. నేల ప్రభుత్వానిది, నాటడానికి అనుమతి కూడా దాదాపు వచ్చేసింది. ఏ మొక్కలు నాటాలో జాబితా ఇమ్మని నన్ను పిలిచారు.

ఏళ్ళ ఒడ్డున ఉండే చిన్న చిన్న రక్షిత స్థలాలకు నేల చరిత్ర, అక్కడ బతికే జీవుల వివరాలు రాసిపెట్టడం నా పని. అడిగిన జాబితా నేనివ్వలేదు. ఆ తుండులో సగానికి పైగా నేల మీద ఒక్క మొక్క కూడా నాటొద్దని రాసిచ్చాను. అలా ఎందుకు తేల్చామో, తర్వాత ఏం జరిగిందో ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. కూవం, కుశస్థలి, ఆరణి, పైన స్వర్ణముఖి, కాళంగి ఒడ్డున కూడా ఇలాంటి తుండ్లు చాలా ఉన్నాయి. "ఖాళీగా ఉంది కదా, చెట్లు పెడదాం" అన్న మంచి మనసే వాటిలో కొన్నింటిని చెడగొడుతోంది. స్థలం ఆనవాళ్ళు మాత్రం ఇవ్వను. నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు అక్కడ ఉన్నాయి, చూడ్డానికి జనం ఎక్కువైతే అవి నిలవవు.

ఈ ఏరు ఎలాంటిది

అడయారు కొండల్లో పుట్టిన ఏరు కాదు. పొడవు 42 కిలోమీటర్లే. నగరానికి నైరుతిన ఉన్న గొలుసుకట్టు చెరువులు నిండి, కలుజులు పొర్లితే ఆ నీళ్ళన్నీ కలిసి ఏరవుతాయి. తిరునీర్మలై దగ్గర చెంబరంబాక్కం చెరువు మిగులు వచ్చి కలిశాక గానీ దానికి ఏరనిపించే వెడల్పు రాదు. చెన్నైలో ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే. కాబట్టి ఈ ఏటికి నిజమైన వరద రెండు మూడు నెలలే. మిగతా కాలమంతా సముద్రపు పోటుపాట్లు, నగరం వదిలే మురుగు కలిసి దాన్ని నడుపుతాయి.

ఏటిమొగ దగ్గర జరిగేది ఇంకా ముఖ్యం. మార్చి నుంచి అక్టోబరు దాకా ఒడ్డు వెంట నీటి ఒరవడి ఉత్తరానికి సాగుతుంది, ఆ తర్వాత కొన్ని నెలలు దక్షిణానికి తిరుగుతుంది. మొత్తం మీద ఉత్తరానికి వెళ్ళే ఇసుకే ఎక్కువ. ఏట్లో ఎదురు తోసే నీరు లేనప్పుడు ఆ ఇసుక మొగకు అడ్డంగా మేట వేస్తుంది. మేట మూసుకుంటే లోపలి నీరు నిలిచిపోతుంది, మురుగు చేరుతుంది, నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు పైకి తేలతాయి. తెరుచుకుంటే రోజుకు రెండుసార్లు పోటు లోపలికి వచ్చి పోతుంది. చెన్నై తీరంలో పోటుకూ పాటుకూ మధ్య తేడా మహా అయితే ఒక మీటరు, కాస్త అటూ ఇటూ. బల్లపరుపు నేల మీద ఆ మీటరే ఎకరాలకు ఎకరాలను ముంచి తేలుస్తుంది. మా తుండు ఆ మునిగి తేలే నేలలో భాగమా, కాదా? కేసంతా ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడింది.

2015 డిసెంబరును చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళెవరూ మరిచిపోరు. డిసెంబరు 1న మొదలైన వానకు తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు కురిసింది. ఆ రాత్రి చెంబరంబాక్కం నుంచి 29,000 క్యూసెక్కుల నీరు వదిలారని ప్రభుత్వమే చెప్పింది. కొట్టూర్పురం, సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట, మణపాక్కం మునిగాయి. ఆ పేర్లన్నీ పటం మీద గుర్తుపెట్టి చూడండి. చాలా భాగం ఏటి పల్లమే, అంటే వరద వచ్చినప్పుడు ఏరు తన ఒళ్ళు పరుచుకునే చోటు. విమానాశ్రయం రెండో రన్‌వే కూడా వంతెన కట్టి ఏటి మీదుగానే వేశారు. ఏరు దారి తప్పి ఊళ్ళోకి వచ్చిందని ఆ రోజుల్లో చాలామంది అన్నారు. నేను అలా అనలేను.

పాత పటాలు, పాత మనుషులు

ఇలాంటి పనికి దిగితే మొక్కల కన్నా ముందు పటాలు తీస్తాను. అడయారు విషయంలో రాతపూర్వక చరిత్ర ఉండటం మన అదృష్టం. 1746లో పుదుచ్చేరి నుంచి ఒడ్డు వెంట నడిచి వచ్చిన ఫ్రెంచి దండు, ఆర్కాటు నవాబు కొడుకు మహ్‌ఫూజ్ ఖాన్ సైన్యంతో ఈ ఏటిమొగ దగ్గరే తలపడింది. పారాదీస్ నడిపిన ఆ చిన్న దండు నవాబు ఫిరంగులకు ఎదురుగా ఏట్లో దిగి, నడిచే దాటింది. దక్షిణ భారత చరిత్రలో ఆ యుద్ధం ఎందుకు పెద్దదో చరిత్రకారులు రాశారు. నాకు పనికొచ్చేది దాటడం సంగతి. మనుషులు ఆయుధాలతో నడిచి దాటగలిగారంటే, పెద్ద వరదకు ముందు మొగ దగ్గర ఏరు వెడల్పుగా, లోతు లేకుండా ఉండేదన్నమాట. ఆ తర్వాతి కాలపు సర్వే పటాల్లో కూడా అక్కడ ఒక సన్నని కాలువ గీత కాదు కనబడేది, దీవులూ పాయలూ చుక్కలతో గుర్తుపెట్టిన బురద నేలలూ. క్విబుల్ దీవి పేరులోనే దీవి ఉంది, ఇవాళ నడిచి వెళ్ళేవాళ్ళకు మాత్రం అది దీవని తెలియదు.

నగరంవైపు చూస్తే, నుంగంబాకం నుంచి సైదాపేట దాకా ఒక పొడవాటి చెరువు ఉండేది. దాన్ని ఎండబెట్టి 1920లలో త్యాగరాయనగరం కట్టారు. పానగల్ పార్కు చుట్టూ చీరలు కొనుక్కునే మనవాళ్ళు నడిచేది చాలావరకు ఆ చెరువు నేల మీదే. ఆ చెరువు పట్టి ఉంచే నీరు, వడకట్టే ఒండ్రు, రెండూ పోయాయి. ఆ భారం కిందున్న ఏటి మీద పడింది. ఏటి ఒడ్డునే ఉన్న మద్రాసు బోట్ క్లబ్ 1867 నాటిది, అక్కడ ఇప్పటికీ పోటీ పడవలు నడుస్తాయి. దక్షిణపు ఒడ్డున 1882 నుంచి దివ్యజ్ఞాన సమాజం తోట ఉంది. అక్కడ కట్టడాలు పెరగలేదు గనుక నక్కలకూ గుడ్లగూబలకూ కాస్త చోటు మిగిలింది. ఈ ఏటి వన్యప్రాణి చరిత్రలో ఆ తోట గోడకు పెద్ద పాత్రే ఉంది.

బకింగ్‌హామ్ కాలువ సంగతి మనకు మరీ దగ్గరిది. అడయారునూ కూవాన్నీ కలిపే సుమారు 8 కిలోమీటర్ల ముక్కను 1877-78 కరువులో కూలి పనిగా తవ్వించారు. ఆ ముక్క పడ్డాక ఆంధ్ర తీరంలోని పెదగంజాం నుంచి మరక్కాణం దాకా పడవ దారి కుదిరింది. నెల్లూరు బియ్యం, సర్వి కట్టెలు, ఉప్పు పడవల మీదే మద్రాసు వచ్చేవి. ఆ పడవల్లో చిన్నప్పుడు నాన్నతో వచ్చిన ఒక పెద్దాయన ఇప్పటికీ మందవెళి వైపు కొడుకింట్లో ఉన్నారు. నెల్లూరు యాస ఏమాత్రం పోలేదు. ఆయనకు పటం చూపిస్తే పక్కన పెట్టేసి వేలితో నేల మీద గీసి చూపించారు.

"అప్పుడక్కడ గట్టుండేదా తాతా?" అనడిగాను.

"గట్టు యాడిదమ్మా! పోటొస్తే నీళ్ళు, పాటైతే బురద. మా నాయిన పడవని ఈ పక్కనే ఆపేవోడు. ఆడ దిగితే మోకాళ్ళ దాకా కూరకపోవాల్సిందే. పిట్టలు మాత్రం ఇసకేస్తే రాలేయి కాదు."

"చెట్లు?"

"చెట్లు ఆ మిట్ట మింద. తాటిచెట్లు, మొగిలి పొదలు. బురదలో యాడుంటయ్యమ్మా చెట్లు?"

ఆడవాళ్ళు ఆ బురదలో గుల్లలేరి సున్నపు బట్టీలకు అమ్మేవాళ్ళని కూడా ఆయనే చెప్పారు. అద్దంలా మెరిసే మద్రాసు సున్నపు గోడలకు పేరు తెచ్చింది గుల్ల సున్నమే కాబట్టి ఆ మాట నాకు కొత్త కాదు. కానీ గుల్లలు మా తుండులోనే దొరికేవన్నది కొత్త. నేలలో వెతకాల్సింది ఏమిటో ఆయన మాటతో తేలింది.

నేలలోకి దిగి చూస్తే

చేత్తో తిప్పే మట్టి బొరిగెతో నేలను పొరలు పొరలుగా పైకి తీశాం. ఒక బొరిగెలో కనబడ్డది ఉన్నదున్నట్టు రాస్తాను. పైన మూరెడు మందాన ఇటుక ముక్కలు, టైల్సు, పాలిథిన్ సంచులు, ఎర్రమట్టి. ఇది పోసిన మట్టి, ఏటిది కాదు. దాని కింద నల్లటి జిగట బంకమన్ను, బొరిగె నుంచి గీకితే గానీ రాలేదు. ముక్కుకు కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొట్టింది. గాలి ఆడని ఉప్పు బురదలో గంధకం అలా వాసనేస్తుంది. ఆ వాసన ఉందంటే అక్కడ నీళ్ళు నిలిచి పోటుపాట్లాడిన కాలం ఉందన్నమాట. నల్లమట్టి ముక్కను నీళ్ళలో కడిగితే జల్లెడలో రెండు రకాల గుల్లలు మిగిలాయి. ఒకటి మొనదేలిన సన్నటి నత్తగుల్ల. అవి పోటు దిగిన బురద మీద గుంపులుగా పాకే జాతివి. రెండోది రెండు రెక్కలున్న గుండ్రటి ఆల్చిప్ప. రెండు రెక్కలూ ఇంకా అతుక్కునే ఉన్నాయి. వరదకు కొట్టుకొచ్చినవైతే విడిపోయి, అరిగిపోయి ఉండేవి. ఇవి పుట్టిన చోటే చచ్చిపోయినవి. పెద్దాయన చెప్పిన గుల్లలు ఇవే. దాని కింద బూడిదరంగు ఇసుక తగిలింది, అది పాత ఒడ్డు.

వేర్లు మాత్రం ఎక్కడా కనబడలేదు. పుల్లా వేరూ ఏదీ లేదు. అడవి ఉండి నరికేసిన నేల ఇలా ఉండదు.

ఉప్పు కొలిచే దుర్భిణి లాంటి పరికరం ఉంటుంది. గాజు మీద ఒక బొట్టు నీరు వేసి వెలుగుకు పట్టి చూస్తే ఉప్పు ఎంతుందో గీత మీద తెలుస్తుంది. సముద్రపు నీరు వెయ్యికి 35 పాళ్ళు. వేసవిలో మా తుండు గుంటల్లో మిగిలిన నీరు ఆ గీత దాటింది, ఎండకు ఇంకి ఉప్పు తేరింది. వానల్లో అదే గుంట దాదాపు మంచినీళ్ళు. ఇంత తేడాను ఓర్చుకునే మొక్కలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. తమంతట తాము వచ్చి అక్కడ పాకినవి కూడా అవే: నేలకంటి పాకే వంగరెడ్డి కూర, ఎండలో ఎర్రబడే ఇలకూర. కాలవ అంచున నాలుగైదు తెల్లమడ మొక్కలు. పోసిన మట్టి దిబ్బ మీద మాత్రం సర్కారు తుమ్మ, దానికి ఎక్కడైనా ఒకటే.

ఈ నేల మీద నేరేడు లాంటి మొక్కలు వేల సంఖ్యలో నాటితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మొదటి వానాకాలం పచ్చగా ఉంటాయి, ఫోటోలు బాగా వస్తాయి. ఏప్రిల్ వచ్చేసరికి ఉప్పు వేళ్ళను కాలుస్తుంది. ట్యాంకరుతో మంచినీళ్ళు పోసి, మట్టి ఎత్తు పెంచి బతికిస్తే మొక్కలు నిలుస్తాయి, కానీ అప్పుడు అది మరో నేలవుతుంది. పోసిన మట్టి మీద ఇంకాస్త మట్టి పోసినట్టవుతుంది.

బురద ఎవరిది

ఇక్కడ కాస్త ఆగి పిట్టల గురించి చెప్పాలి, ఎందుకంటే నా వాదన అంతా వాటిదే.

ఆగస్టు చివరికల్లా ఉల్లంకి పిట్టలు దిగడం మొదలవుతుంది. పిచ్చుకంత ఉండే చిన్న ఉల్లంకి, వంపు ముక్కు ఉల్లంకి, రెండూ ఉత్తర ధ్రువం దగ్గరి సైబీరియా టండ్రాలో గుడ్లు పెట్టి, మధ్య ఆసియా మీదుగా మన తీరానికి వస్తాయి. ఏప్రిల్ దాకా ఇక్కడే తిని, కొవ్వు పట్టించుకుని మళ్ళీ వెళ్ళిపోతాయి. వాటి తిండి బురదలోనే ఉంది. పైపొరలో సన్నని పురుగులు, కాస్త లోతులో గుల్లలు, ఇంకా లోతులో పొడవాటి బురద పురుగులు. ఒక్కో పిట్ట ముక్కు పొడవు ఒక్కో లోతుకు సరిపోయినట్టు ఉంటుంది, అందుకే పక్కపక్కనే మేస్తూ కూడా కొట్టుకోవు. ఈ మేతకు పోటు దిగిన ఖాళీ బురద కావాలి. నీళ్ళు నిండినా కుదరదు, మొక్కలు మొలిచినా కుదరదు. చుట్టూ తెరిపిగా లేకపోతే డేగ వచ్చేది కనబడదని అవి అసలు దిగవు. ఆ తెరిపి వాటికి ప్రాణం.

మడ అడవి మీద నాకు ఏ విరోధమూ లేదు. కోరంగిలో పని నేర్చుకున్నదాన్ని. తెల్లమడ ఆకు వెనక ఉప్పు తేరడం, బురదలోంచి పెన్సిళ్ళలా ఊపిరి వేర్లు లేవడం ఎన్నిసార్లు చూసినా చూడాలనిపిస్తుంది. చేప పిల్లలకు, రొయ్య పిల్లలకు అది పుట్టిల్లు. అడయారు ఏటిమొగలో ఇటీవలి ఏళ్ళలో మడ మొక్కలు నాటారు, ఉప్పుటేటి మీద పాడైపోయిన 58 ఎకరాలను తొల్కాప్పియ పూంగాగా తిరిగి తీర్చి 2011లో ప్రారంభించారు. ఆ పని విలువైనదని నా అభిప్రాయం. అక్కడ నీటి గుంటలు, దీవులు, మిట్ట మీద పొడి సతతహరిత అడవి జాతులు, అంచున మడలు, ఒక్కోదానికి ఒక్కో చోటిచ్చారు. జనాన్ని అదుపులో ఉంచి లోనికి పంపుతారు. చిన్న రక్షిత స్థలం ఎలా నడవాలో చూడాలంటే నేను అక్కడికే వెళ్ళమంటాను. కానీ ఆ నమూనాను చూసినవాళ్ళు చాలామంది పచ్చదనాన్ని మాత్రమే ఇంటికి పట్టుకెళ్తారు. ఏటిమొగలో ఖాళీ బురద మిగిలింది కొంచెమే, దాన్ని కూడా పచ్చబరిస్తే సైబీరియా నుంచి వచ్చే పిట్టకు దిగే చోటుండదు.

మీటింగు

కాలనీ మీటింగులో సగం మంది తెలుగువాళ్ళే, మాటలు తెలుగులోనే సాగాయి. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన నాటే పని అంతా భుజాన వేసుకున్నారు. ఆయన మొహం వాడిపోయింది.

"చెట్లు పెడతామంటే వద్దనేవాళ్ళను మిమ్మల్నే చూస్తున్నానమ్మా."

"వద్దనడం లేదు మాస్టారూ. ఇక్కడ వద్దంటున్నానండీ. మిట్ట మీద పెడదాం, నేనే దగ్గరుండి చూస్తాను."

"మరి ఈ బురదేం చేసుకుంటాం? చూపించడానికేముంది అందులో?"

చట్టం సంగతి కూడా చెప్పాను. తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్లలో, 2011దైనా 2019దైనా, అత్యంత రక్షణ ఇవ్వాల్సిన నేలల జాబితాలో మడ అడవుల పక్కనే జీవమున్న బురద నేలలు, ఉప్పు మడులు కూడా ఉన్నాయి. చట్టం మాటకు తలూపారు గానీ ఎవరి మనసూ మారలేదు.

మారింది పాటు వేళ టెలిస్కోపు పెట్టినప్పుడు. తుండు చివర, మట్టి పొయ్యకుండా మిగిలిన కాస్త బురద మీద, వంపు ముక్కు ఉల్లంకులు మేస్తున్నాయి. మాస్టారు కంటికి ఆనించి చాలాసేపు కదల్లేదు. పిట్ట ముక్కును కుట్టుమిషను సూదిలా బురదలో దించుతూ తీస్తూ పోతుంటే, ఒకచోట ఆగి, తల పక్కకు వంచి, మెల్లగా ఒక ఎర్రటి పురుగును సాగదీసి లాగింది. తెగకుండా లాగింది. పక్కనే నీళ్ళలో దాన్ని కడుక్కుని మింగింది. "కడుక్కుంటోందే!" అన్నారాయన. తర్వాత అది ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎన్ని గ్రాములుంటుందో, ఎన్నాళ్ళకు వస్తుందో వరసగా అడిగారు. ఆ సాయంత్రం కాలనీ గుంపులో ఆయనే రాశారు, పని మిట్ట మీదకు మారుస్తున్నామని.

విరాళం ఇస్తానన్న సంస్థకు మాత్రం మొక్కల లెక్కే కావాలి, శిథిలాలు ఎత్తిపోయడానికి డబ్బివ్వడం వాళ్ళ నిబంధనల్లో లేదు. చివరికి మిట్ట మీద నాటిన మొక్కల వరకే వాళ్ళిచ్చారు. మట్టి తీసే ఖర్చు కాలనీలవాళ్ళు వేసుకున్నారు. పచ్చదనానికి ఇచ్చే సొమ్మును చెట్ల లెక్కతో ముడిపెట్టినంత కాలం బురద, గడ్డి, ఇసుక దిబ్బ లాంటి నేలలకు న్యాయం జరగదు. విరాళాలిచ్చేవాళ్ళు ఇది చదువుతుంటే, ఒక నేలను ఖాళీగా ఉంచినందుకు కూడా డబ్బివ్వొచ్చని దయచేసి గుర్తుంచుకోండి.

చేసిన పని

వానలకు ముందే, పిట్టలు దిగకముందే పూర్తి కావాలని వేసవిలో మొదలుపెట్టాం. శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీల జట్టు, ఒక చిన్న యంత్రం. పోసిన మట్టిని పాత నల్లమట్టి పొర కనబడేదాకా తీసి ఆగాం, అంగుళం కూడా కిందికి వెళ్ళలేదు. యంత్రం నడిపే కుర్రాడికి అది అంత తేలిక కాదు, రంగు మారగానే ఆపమని మేస్త్రీ పక్కనే నిలబడి అరుస్తూ ఉండేవాడు. ఇటుక, సిమెంటు లారీల్లో బయటికి పంపాం. తర్వాత కాలవవైపున్న మట్టికట్టలో ఒకచోట వెడల్పుగా, లోతు లేకుండా గండి కొట్టాం. లోతుగా కొడితే పాటు వేళ నీరంతా వేగంగా లాగేసి బురదను కోసుకుపోతుంది.

సర్కారు తుమ్మను ఒకేసారి కొట్టలేదు. రాత్రి కొంగలు, నీటికాకులు వాటి మీదే పడుకుంటున్నాయి. మిట్ట మీద కానుగ, గంగరావి, పాల, అల్లి, అడవి నిమ్మ మొక్కలు నిలిచి ఎత్తైనకొద్దీ తుమ్మను ఒక్కో వరస తీస్తున్నాం. తొందరపడి ఊడ్చేస్తే పిట్టలకు నిద్ర చోటు పోయేది.

వచ్చినవి, రానివి

పోటు నీళ్ళు మొదటిసారి లోపలికి వచ్చాక ముందుగా వచ్చినవి పీతలు. ఒక కొండి పెద్దగా ఉండి దాన్ని ఊపుతూ పిలిచే చిన్న పీతలు నల్లమట్టిలో బొరియలు చేసి, చుట్టూ మట్టి గుళికలు పేర్చాయి. అవి బొరియలు తవ్వడం వల్ల గాలి కిందికి వెళ్ళి గంధకపు వాసన క్రమంగా తగ్గింది. ఆ తర్వాత నత్తలు. చలికాలానికి చిన్న ఉల్లంకులు దిగాయి, వంపు ముక్కువి కూడా. తీతువు ఒకటి పెళ్ళల మధ్య గుడ్లు పెట్టింది. పోటు వెంట కత్తిపరిగె పిల్లలు లోపలికి వస్తే వాటి కోసం నారాయణ పక్షి గండి దగ్గరే కాచుకుంటోంది.

పొడుగుకాళ్ళ ఉల్లంకులు కూడా పెరిగాయి. చూసినవాళ్ళందరూ సంతోషించారు, నేను మాత్రం ఆ లెక్కను విడిగా రాయమన్నాను. ఎర్రటి సన్నకాళ్ళతో అందంగా ఉండే ఆ పిట్ట మురుగు నీటిలో పురుగులు పెరిగినచోట బాగా బతుకుతుంది. మిగతా జాతులు తగ్గి అది ఒక్కటే పెరిగితే నీరు చెడుతోందని అర్థం. మొత్తం పిట్టల సంఖ్య ఒక్కటే చూస్తే ఆ తేడా తెలియదు.

మొగ మూసుకున్న వేసవిలో గండి ఉన్నా లాభం లేకపోయింది. పోటే రాకపోతే గండి ఏం చేస్తుంది? నీళ్ళు నిలిచి పచ్చబడ్డాయి, చిన్న చేపలు చచ్చి తేలాయి. మొగ తెరిచే పని నీటి వనరుల శాఖది, యంత్రాలతో ఇసుక తీస్తారు. సముద్రం మళ్ళీ పోస్తుంది. ఒక తుండు నేలను ఎంత బాగా చూసుకున్నా, దాని ప్రాణం 42 కిలోమీటర్ల ఏటి చేతిలోనూ, ఒక ఇసుక మేట చేతిలోనూ ఉంది.

వానలప్పుడు తెల్లమడ కాయలు నీళ్ళలో తేలుతూ వచ్చి బురద మధ్యలో మొలిచాయి. ఇది మేమింకా తేల్చుకోని సంగతి. నాతో పనిచేసే మిత్రుడు, అంచున మొలిచినవి వదిలి మధ్యలోవి మొలక దశలోనే అనుమతి తీసుకుని తీసేయాలంటాడు, లేకపోతే కొన్నేళ్ళలో బురదంతా మడ అవుతుందని. వాదన సరైనదే. కానీ మడ మొక్క మీద చెయ్యి వేయడం చట్టపరంగా చిన్న విషయం కాదు. పైగా నది తనంతట తాను నాటుకున్నదాన్ని పీకే ముందు ఒకటి రెండు పెద్ద వరదలు చూడాలన్నది నా పట్టుదల. 2015 లాంటి వరద వస్తే ఆ మొలకల్లో చాలావరకు కొట్టుకుపోవచ్చు, కొత్త ఒండ్రు పడవచ్చు. అప్పటిదాకా ఒకే చోట నిలబడి ఒకే కోణంలో ఫోటోలు తీస్తూ మొక్కల ఎత్తు, పిట్టలు దిగే చోట్లు నమోదు చేస్తున్నాం.

నిర్వహణ పత్రంలో ప్రస్తుతం ఉన్నవి ఇవి. ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా బురద మీద ఏ పనీ లేదు, మనుషులు మిట్ట దాటరు. మే, జూన్ నెలల్లో వరద తెచ్చిన ప్లాస్టిక్ చేత్తో ఏరడం, గండి పూడితే తీయడం. అది కూడా తీతువు, పొడుగుకాళ్ళ ఉల్లంకి గూళ్ళు ఎక్కడున్నాయో చూసి, వాటికి దూరంగానే. మొక్కలు మిట్ట మీదే, అవి కూడా ఇక్కడి జాతులే. తుండు ఎగువన ఉన్న మురుగు తూము మాత్రం ఇంకా మూతపడలేదు. వానలకు ముందు దాన్ని శుద్ధి కేంద్రానికి వెళ్ళే గొట్టంలోకి మళ్ళించాలని కాలనీ తరఫున మాస్టారే కార్పొరేషనుకు అర్జీ రాశారు, దానితో మా ఉప్పు, ప్రాణవాయువు కొలతలు జతచేసి పంపాం.